మా గుమ్మడికాయను నేనే కొన్న కోతల పండుగ

రాయచూరు జిల్లా మొత్తం మీద ఒక గుమ్మడికాయకు నేను పెట్టినంత ధర పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే నా ముందుకు రమ్మనండి. ఆ డబ్బుకు అప్పట్లో సంతలో పాలిచ్చే మేక వచ్చేది, పిల్లతో సహా. కాయ ఏమైనా బంగారమా అంటే కాదు. ఒకవైపు ఎండ తగలక పాలిపోయి, తొడిమ దగ్గర ఎలుక గీకిన మచ్చతో ఉన్న మామూలు కాయ. ఎక్కువ పెట్టి కొనడంలో గొప్పేముంది, లోకంలో సగం మంది అదే పని చేస్తున్నారు అంటారేమో. నా ఘనత వేరే ఉంది. ఆ కాయ మాదే. మా ఇంటి వెనక రేకుల మీద, మా అత్త పెట్టిన తీగకు కాసింది. పొద్దున గంపలో పెట్టుకుని చర్చికి మోసుకెళ్లింది నేనే, మధ్యాహ్నం నలుగురిలో చెయ్యెత్తి కొన్నదీ నేనే.

ముదగల్లులో దుకాణాలు నడుపుతున్న మా అన్నలకు ఈ కబురు ఎవరు మోశారో తెలియదు. పెద్దన్న ఫోన్ చేశాడు. "ఏందమ్మా, మనింట్ల బుట్టినదానివేనా నువ్వు?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అనుమానం.

అనుమానం న్యాయమైనదే. నేను పెరిగింది మా నాన్న కిరాణా దుకాణంలో, గల్లాపెట్టె పక్కన మడతపెట్టిన గోనెసంచి మీద. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు మొహం నేర్పేవారు. ఎదుటివాడి మొహంలో ఎంత ఆశ ఉందో చదవడం, మన మొహంలో ఏమీ కనపడనివ్వకపోవడం. చీర నచ్చితే దాని పక్కనున్న చీర ధర అడగాలి. కుదరకపోతే లేచి వెళ్లిపోవాలి, కానీ చెప్పులు తొడుక్కోవడం మాత్రం నిదానంగా చెయ్యాలి, వెనక్కి పిలవడానికి వాడికీ కొంచెం సమయం కావాలి కదా. ఈ విద్యలో అన్నలందరికన్నా నేనే ముందు. రాయచూరు మార్కెట్లో నన్ను చూసి గంప మీద గుడ్డ కప్పేసిన కూరగాయలామె ఇప్పటికీ ఉంది.

అయితే ఈ విద్యకు ఒక రోగం తోడుగా వచ్చింది. ఏది కొన్నా, కొన్న తరువాత పక్క దుకాణంలో అదే సరుకు ధర అడిగేదాన్ని. అక్కడ ఎక్కువ చెబితే సాయంత్రం దాకా సంతోషం. తక్కువ చెబితే వారం రోజులు అన్నం సహించేది కాదు. సరుకుల దగ్గర మొదలైన ఈ అలవాటు బతుకంతా పాకింది. ఇల్లు కట్టినవాళ్లను చూసి మా రేకుల ఇంటి ధర కట్టేదాన్ని, ఆఫీసరు భార్యను చూసి మా ఆయన ధర. నాకు దొరికినదాంట్లో ఎక్కడో మోసపోయానన్న అనుమానం పొద్దున లేవగానే నాకంటే ముందు లేచి కూర్చునేది.

దేవుడు తెలియనివాళ్లం కాదు. మా పుట్టింటివాళ్లు తాతల నాటి నుంచి క్రైస్తవులే. ఆదివారం చర్చి, క్రిస్మస్‌కు వాకిట్లో నక్షత్రం, కొత్త సరుకు దిగితే ప్రార్థన. కానీ దేవుణ్ణి మేము పాత గిరాకీని చూసుకున్నట్టు చూసుకునేవాళ్లం. వస్తే లేచి నిలబడి మర్యాద చెయ్యడం, కుర్చీ వెయ్యడం, చాయ్ తెప్పించడం. ఆయన పనయ్యాక మన పని మనది.

నన్ను చిక్కసూగూరుకు ఇచ్చారు. మా ఆయన శక్తినగర్ కంపెనీ బస్సు డ్రైవరు. రాయచూరులో ఉండే ఉద్యోగులను పొద్దున విద్యుత్ కేంద్రానికి తీసుకెళ్లి సాయంత్రం దింపేవాడు. నేను ఇంటి ముందు గదిలో చిన్న కిరాణా పెట్టాను. అత్త ఒకరిద్దరి పొలాల్లో పత్తి ఏరుతూ, ఇంటి వెనక తీగలు పాకిస్తూ ఉండేది. మా చర్చి హైవే పక్కనే. కూలికి పోయే కుటుంబాలు, కేంద్రంలో చిన్న ఉద్యోగాలవాళ్లు, వాళ్ల చుట్టాలు. అందరినీ కలిపినా చాపలు మిగిలేవి.

ఆ చర్చిలో మా ఆయనకు ఒక పదవి ఉండేది, ఎవరూ ఎన్నుకోనిది. చలి మొదలయ్యే నెలలో కోతల పండుగ చేస్తాం. పొలమున్నవాళ్లు కొత్త పంటలో కొంత తెస్తారు. జొన్నలు, కందులు, పత్తి. పొలం లేనివాళ్లు కోడిని, గుడ్లను, పెరట్లో కాసినదాన్ని. ఆరాధన అయ్యాక అవన్నీ షామియానా కింద పెట్టి హర్రాజు వేస్తారు. వేలంపాటకు మావైపు అదే మాట. వచ్చినది చర్చి అవసరాలకు. ఆ హర్రాజు పలికేది మా ఆయన.

పలకడమంటే అలా ఇలా కాదు. ఒక పుంజును చంకలో పెట్టుకుని, "ఇది కోడనుకుంటున్నరా? పొద్దుగాల ఇది కూసిందంటే శక్తినగర్ సైరన్ బందు జేసుకుంటరు!" అనేవాడు. ఒకే ఒక్క గుడ్డును అరచేతిలో ఎత్తి, "ఇయ్యాల గుడ్డు. రేపు కోడి. నీ బిడ్డ పెండ్లి నాటికి మంద. ఏమ్మా, మందను ఇడిసిపెడతవా?" అనేవాడు. ఒకటోసారి, రెండోసారి అని, మూడోసారి అనేముందు ఆగి, జేబులోంచి దస్తీ తీసి మొహం తుడుచుకునేవాడు. ఆ తుడుచుకునే లోపల ధర ఇంకో రెండు మెట్లు ఎక్కేది. కొన్నవాళ్లు అదే గుడ్డును మళ్లీ కానుకగా ఇచ్చేవారు, ఆయన మళ్లీ పలికేవాడు. ఒకే గుడ్డును నలుగురు కొని, నలుగురూ వట్టి చేతులతో నవ్వుకుంటూ పోవడం చూస్తూ నేను వెనక చాప మీద తల పట్టుకునేదాన్ని. సరుకు లేని వ్యాపారమేమిటో నాకు అంతుబట్టేది కాదు.

ఒక ఎండాకాలం సాయంత్రం, డ్యూటీ దిగి వచ్చి చాయ్ గ్లాసు అందుకుంటూ ఆయన పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. రాయచూరు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. నెలలు గడిచేసరికి కాలు వచ్చింది, కొంచెం ఈడుస్తాడు. చెయ్యి వచ్చింది, గుండీలు పెట్టుకోగలడు. మాట మాత్రం రాలేదు. అసలే రాలేదని కాదు, ఏం చెప్పాలో ఆయనకు తెలుసు, మాట నాలుక దాకా వచ్చి గడప దగ్గర ఆగిపోయేది. ఒక్కో మాటకు గిరాకీ లేని మధ్యాహ్నమంత సమయం పట్టేది.

నేనా, పనిమంతురాలిని. ఆయన "నీ..." అనేలోపే నీళ్ల చెంబు చేతిలో పెట్టేదాన్ని. కొన్నిసార్లు ఆయన అడగబోయింది నీళ్లు కాదు, కుర్చీ నీడలోకి జరపమని. అయినా తెచ్చిన నీళ్లు తాగేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్లకూ ఆయన బదులు నేనే జవాబు చెప్పి పంపేదాన్ని. కొద్దికాలానికి ఆయన మొదలుపెట్టడమే మానేశాడు. తరువాత వాకిట్లో కూర్చోవడం మానేశాడు. తరువాత చర్చికి రావడం. ఊరంతా చెవులప్పగించి విన్న మనిషి, వెనక గదిలో రేకుల మీది తీగను కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు.

అప్పుడు నేను దేవుడితో బేరానికి దిగాను.

పద్ధతిగానే దిగాను, మొదట తక్కువతో. ఈయన మాట తెచ్చిపెట్టు, ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటాను అన్నాను. జవాబు లేదు. సరే, ఉపవాసంతో పాటు దుకాణం ఆదివారం పూర్తిగా మూస్తాను, అప్పటిదాకా చర్చి అవ్వగానే తీసేదాన్ని. జవాబు లేదు. చెవికమ్మలు కలిపాను. మాట పూర్తిగా రాకపోయినా పర్వాలేదు, ముప్పావు వంతు వచ్చినా కమ్మలు ఇచ్చేస్తానని తగ్గాను కూడా. అవతలివాడు నోరు విప్పకుండా కూర్చుంటే ఇవతలివాడే కంగారుపడి ధర పెంచుకుంటూ పోతాడని మా నాన్న చెప్పిన మొదటి పాఠం. ఇన్నేళ్లు ఆ పాఠం నేను ఇతరుల మీద ప్రయోగించాను. ఇప్పుడు దేవుడు నా మీద ప్రయోగిస్తున్నాడని ఒళ్లు మండేది.

పక్కనే మోకాళ్ల మీద అత్త. రోజూ పొద్దున చాలాసేపు గొణుగుతూ ప్రార్థన చేస్తుంది. చెవి పెట్టి విన్నాను. ఒక్క కోరికా లేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తా, నువ్వొక్కటన్న అడుగవేంది? నీ కొడుకు గాదా?"

"అడిగిన. వాడు పడ్డ దినమే అడిగిన."

"గంతేనా?"

"ఆయనకేమన్న చెవుడా, దినాం చెప్పనీకి?"

"మరి దినాం గింతసేపు ఏం మాట్లాడతవ్?"

"ఏముంటది. తీగకు పిందె వడ్డదని చెప్పిన. నిన్న మోకాళ్లు జర తక్కువ నొచ్చినయని చెప్పిన." చీర దులుపుకుని లేస్తూ నా వైపు చూసింది. "నా కోడలు నీతోని దినాం కొట్లాడతది, కోపం జేసుకోకు తండ్రీ, దానికి అంగడి తప్ప ఏం తెల్వదని గూడ చెప్పిన."

"అట్ల నా మీద చాడీలు చెప్తున్నవా?"

"చెప్తే చెప్పిన. ఆయన నవ్విండు పో."

నవ్విండు అని అంత నమ్మకంగా ఎలా చెప్పిందో! నాకు జవాబు ఇవ్వనివాడు ఈమె దగ్గర నవ్వుతున్నాడా అని ఆ రోజంతా రోషంగా ఉన్నాను. దాని వెనక ఇంకొకటి కూడా కదిలింది. ఆమెకు నాకంటే ఎక్కువ ఏమీ దొరకలేదు. పడిపోయింది ఆమె కొడుకే. అయినా ఆమె మొహంలో మోసపోయిన ఛాయ లేదు. మొహాలు చదవడం వచ్చినదాన్ని, అందులో నాకు పొరపాటు ఉండదు.

కోతల పండుగ దగ్గరపడింది. మా పాస్టరుగారు చిన్నవయసువాడు, రాష్ట్ర సరిహద్దు అవతల మక్తల్ వైపువాడు, మొహమాటస్తుడు. ఇంటికి వచ్చి మా ఆయన ఎదుట కూర్చున్నాడు.

"అన్నా, పండుగ వస్తుంది. హర్రాజు సంగతి ఏం జేద్దం?"

మా ఆయన తలెత్తాడు. "నా... నాతోని..." అన్నాడు.

"ఆయనతోని కాదు అయ్యగారూ," అన్నాను నేను, చాయ్ అందిస్తూ. "మీరే ఎట్లనో చూసుకోండ్రి."

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. పాస్టరుగారు లేస్తూ, "పలకకున్నా ఫర్వాలేదన్నా. వచ్చి కూసో. నువ్వు లేంది పండుగ పండుగలెక్క లేదు," అని వెళ్లిపోయాడు.

పండుగ రోజు పొద్దున ఆయన తనంతట తనే తెల్లచొక్కా వేసుకుని గడపలో నిలబడ్డాడు. నేను ఏమీ అడగలేదు, అడిగితే మానేస్తాడని భయం. అత్త రేకుల మీదినుంచి పెద్ద గుమ్మడికాయ కోయించి నా గంపలో పెట్టింది. ఆమె ముందు, ఆయన కర్ర పట్టుకుని మధ్యలో, నెత్తిన గంపతో నేను వెనక. దారిలో కనిపించినవాళ్లంతా పలకరిస్తుంటే ఆయన నవ్వి తలూపుతూ నడిచాడు.

ఆరాధన అయ్యింది. షామియానా కింద సరుకులు పేర్చారు. పాస్టరుగారు హర్రాజు మొదలుపెట్టాడు. ఆ గంటలో నేను పడిన బాధ పగవాళ్లకు కూడా వద్దు. ఆ మనిషికి ధర పెంచమని అడగడానికి సిగ్గు. ఎవరో మొదటి మాట అనగానే, "స్తోత్రం, తీసుకోండి," అని ఇచ్చేస్తున్నాడు. బలిసిన కోడిపెట్ట దాని ఈకల ధరకు పోయింది. కందుల మూట వెళ్లిపోయింది, సంచి కూడా కిట్టని ధరకు. మానవి దగ్గర కాలువ కింద వరి పండించే ఒక కోస్తా రైతు, తమ్ముడు శక్తినగర్‌లో పనిచేస్తూ మా చర్చికే వస్తున్నందుకు ప్రతి ఏడూ కొత్త బియ్యం బస్తాతో వస్తాడు. ఆయన తల అడ్డంగా ఊపుతూ, "అయ్యగారూ, ఇలాగైతే పొద్దు వాలకముందే చర్చిని కూడా ఇచ్చేస్తారండీ మీరు," అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. కర్ర మీద ఆయన వేళ్లు బిగుసుకున్నాయి.

మా కాయ వంతు వచ్చింది. పాస్టరుగారు రెండు చేతులా ఎత్తాడు. కాసేపు దాన్ని చూశాడు. "ఇది... గుమ్మడికాయ," అన్నాడు.

కర్ర చప్పుడయింది. మా ఆయన లేచి, కాలీడ్చుకుంటూ ముందుకు వెళ్లి, పాస్టరుగారి చేతుల్లోంచి కాయను తీసుకుని బల్ల మీద పెట్టాడు. దాని మీద చెయ్యి వేసి జనం వైపు తిరిగాడు.

ఈ మనిషి నలుగురిలో నవ్వులపాలై ఇంటికి వస్తే, ఆ వెనక గదిలోంచి ఇక ఎన్నటికీ బయటికి రాడు. ఆ రోజు బల్ల మీద పెట్టింది కాయనే అని అందరూ అనుకున్నారు. మిగిలిన ఆయన బతుకంతా అక్కడే ఉందని నాకు తెలుసు, అత్తకు తెలుసు.

ముందు వరసలోంచి పత్తి కూలికి పోయే ఒకామె సరదాగా చిన్న ధర ఒకటి అన్నది. ఆయన తలూపాడు.

"ఒ...కటోసారి." వచ్చింది. "రెం... రెండోసారి." అదీ వచ్చింది. "మూ..."

ఆగిపోయింది. "మూ..." నుదుట చెమట పట్టింది. హైవే మీద ఒక లారీ పోయిన చప్పుడు మొదటినుంచి చివరిదాకా వినిపించింది.

"ఉండండుండండి బావగారూ," అని కాలువ రైతు చెయ్యెత్తాడు. "నేనింకా పాడందే మూడోసారి ఏంటండీ?" అని ధర పెంచాడు.

మళ్లీ మొదటినుంచి. ఒకటోసారి, రెండోసారి, "మూ..." మళ్లీ గడప దగ్గర ఆగింది. ఈసారి వెనకనుంచి కేంద్రంలో పనిచేసే ఒకాయన, "నాది గూడ రాస్కో మామా," అని ఇంకో మెట్టు ఎక్కించాడు. మళ్లీ మొదలు. మళ్లీ ఆగింది. పత్తి కూలామె మళ్లీ చెయ్యెత్తింది. అలా పోతూనే ఉంది.

నా అంగడి బుర్రకు మొదట తట్టింది చెప్పనా? ఇంత మంచి ఎత్తు రాయచూరు ధాన్యం గంజ్‌లో ఏ దలాలికీ తట్టలేదే అనుకున్నాను. మూడోసారి అనకపోతే ధర ఆగే దారే లేదు! లోపల ఒక మూల సంతోషం కూడా వేసింది, మా కాయ పలుకుతోందని. తరువాత వాళ్ల మొహాలు చూశాను. ఒక్క మొహంలో కూడా కాయ మీద ఆశ లేదు. ఎవరూ కాయను చూడటం లేదు. అందరూ ఆయన నోటినే చూస్తున్నారు. ఆ మాట వాళ్లందరికీ తెలుసు, ఒక్కరు అందిస్తే అయిపోయేది. ఎవరూ అందించలేదు. మాట అందించే బదులు ధర పెంచి, ఆయనకు ఇంకొంచెం సమయం కొనిపెడుతున్నారు.

పత్తి కూలామె మూడోసారి చెయ్యెత్తినప్పుడు నేను లెక్క చూసుకున్నాను. ఆ ధర ఆమె వారం కూలి. ఆగే మనిషిలా లేదు. దీన్ని ఆపాలంటే ఇంకెవరూ పైకి వెళ్లలేని ధర ఒకటి పడాలి. అది వేయగలిగిన పిచ్చిది ఆ షామియానా కింద ఒక్కతే ఉంది. లేచి నిలబడి మేక ధర అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. మా ఆయన నన్ను చూశాడు.

"ఒకటోసారి," అన్నాడు. "రెండోసారి. మూ..."

ఇక ఎవరూ పెంచరు. మిగిలింది ఆ మాట, ఆయన, నేను. నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది. నెలల తరబడి ఆయన మాటలన్నీ నేనే ముగించినదాన్ని, ఇది ఒక లెక్కా? పెదవులు విడివడ్డాయి కూడా. అప్పుడు ఆ కూలామె మొహం మళ్లీ కనపడింది. వారం కూలి పోగొట్టుకోవడానికైనా సిద్ధపడింది కానీ ఆయన మాట తను తీసుకోలేదు. కొంగు పళ్ల మధ్య పెట్టి కొరికిపట్టాను. జీవితంలో ఏ బేరంలోనూ అంత కష్టపడి నోరు మూసుకోలేదు.

చివరికి ఆయన ఆ మాటతో పెనుగులాడటం మానేశాడు. భుజాలు దిగాయి. జనాన్నంతా ఒక కొసనుంచి ఇంకో కొసదాకా చూసి, వంకర పోయిన నోటితో నవ్వాడు.

"చాలు," అన్నాడు.

ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది. కాయను గుండెకు ఆనించుకుని, కాలీడ్చుకుంటూ వచ్చి నా చేతుల్లో పెట్టాడు. "ఇగ చాలు."

అన్నేళ్లు హర్రాజు పలికినా, ధర ఎంత ఎక్కినా ఆ మాట అనని మనిషి! షామియానా లేచిపోయేలా చప్పట్లు. పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటున్నాడు. కాలువ రైతు లేచి, "చాలంటే ఎలాగండీ బావగారూ, నా బియ్యం బస్తాకు కూడా తమరే పలకాలి," అని అరిచాడు. మిగిలిన సరుకులన్నీ ఆయనే పలికాడు. ప్రతిదాన్నీ చాలు అనే ముగించాడు. ఇప్పటికీ మా చర్చిలో హర్రాజుకు మూడోసారి లేదు. రెండోసారి తరువాత చాలు.

ఆ మధ్యాహ్నం చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకు ఆ కాయనే పులుసు పెట్టాం. చెట్టు కింద కత్తిపీట వేసుకుని నేనే తరిగాను. పక్కన ఉల్లిపాయలు వలుస్తున్న అత్త ఊరుకుంటుందా?

"మన కాయనే గదనే. అడిగితే నేను ఉత్తగిచ్చేదాన్ని."

"తెలుసు అత్తా."

"తెలిసి గంత వెట్టి కొంటివా?"

నవ్వబోయి ఆగిపోయాను. దేవుడు తనవైన మనుషులనే తాను వెల పెట్టి కొనుక్కున్నాడని, ఆ వెల ఎంతో లెక్క కట్టలేమని చిన్నప్పటినుంచి ప్రతి ఆదివారం వింటున్నాను. వింటూ, ఆ బేరం ఎంత తెలివితక్కువదో ఒక్కసారి కూడా గమనించలేదు. మా ఇంట్లో ఎవరైనా అలా కొంటే గల్లాపెట్టె తాళాలు లాక్కుంటారు. ఎందుకు కొంటాడు? నాకు తెలిసిపోయింది. కాయ కోసం కాదు కాబట్టి. అక్కడ ఒకరు నిలబడి చెమటలు కక్కుతున్నారు కాబట్టి. నేను దేవుడికి ఉపవాసాలు, కమ్మలు చూపిస్తూ ఇన్ని నెలలుగా ధర పెంచుతున్నాను, ఆయనేమో ఎప్పుడో కొనేసి, తెచ్చుకున్నదాన్ని చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. జవాబు లేదంటే బేరం సాగడం లేదని కాదు. బేరమే లేదు.

మర్నాడు పొద్దున అత్త పక్కన మోకరించాను. అలవాటు ప్రకారం ఏం ఇస్తాననాలో వెతికాను. ఏమీ తోచలేదు. పులుసులో ఉప్పు కొంచెం తక్కువైందని చెప్పాను. అయినా ఎవరూ గిన్నెలో మిగల్చలేదని చెప్పాను. ఇంకా ఏవో చెప్పాను. పండుగ రోజు తలుపులు మూసిన దుకాణంలో ఊరికే కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. రావలసినవాళ్లు లేరు, తూచవలసినది లేదు, అయినా అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

కొన్ని రోజులు పోయాక ఆయన్ని అడిగాను. "అయ్యగారు వచ్చిన నాడు 'నాతోని' అని ఆగితివి గదా. ఏం చెప్పబోయినవ్?"

చాలాసేపు పట్టింది. నేను కదలకుండా కూర్చున్నాను.

"నాతోని... అయితదని. చెప్ప...వోయిన," అన్నాడు. తరువాత, "నువ్వు... కాదన్నంక, కా... కాదు కావొచ్చనుకున్న."

అప్పుడు ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "చాలు" అన్నాడు, హర్రాజు గొంతుతో. ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఇదంతా జరిగి ఏళ్లయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి, లెక్క తేల్చకుండా లేవలేను. నిజం లెక్కే వేస్తాను.

ఆయన మాట తిరిగి రాలేదు. నేను అడిగిన ముప్పావు వంతు కాదు, సగం కూడా లేదు. ఉద్యోగం పోయింది. కిందటేడు అత్త పోయింది, ఆమె పాకించిన తీగల్లో రెండు ఎండిపోయాయి, నా చేతికి అవి లొంగలేదు. మా వీధిలోనే ఒకాయనకు ఇదే జబ్బు వచ్చి, ఆరు నెలల్లో మునుపటిలా గలగలా మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు వినిపించిన రోజు నాలో ఏదో కలుక్కుమంటుంది, ఆ రోజు ప్రార్థనలో ఎక్కువ మాట్లాడను. ఇవన్నీ పోయినవి. దేవుడి పేరు చెప్పి ఇందులో ఒక్కటి కూడా కొట్టెయ్యను.

వచ్చినవి చెప్పడానికి తక్కువే ఉన్నాయి. సాయంత్రం ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుంటాడు. దారిన పోయేవాళ్లు ఆగి, ఆయన ఒక్క వాక్యం ముగించేదాకా నిలబడి, విని వెళతారు. నేను లోపల కూర్చుని చింతపండు పొట్లాలు కడుతూ ఆ వాక్యం ఎటు పోతుందో తెలియకుండా వింటాను. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. ఈ మాట నోటితో అనడానికి కూడా నాకు మొదట్లో భయంగా ఉండేది, ఎవరో విని ఉన్నదాన్ని కూడా తగ్గిస్తారని. ఇప్పుడు భయం లేదు. పొద్దున లేచేసరికి ఆ తృప్తి అక్కడే ఉంటుంది, కలుక్కుమన్న రోజు కూడా సాయంత్రానికి తిరిగి వచ్చి ఉంటుంది.

రెండు వైపులా కూడి చూశాను. పోయినవాటికి, వచ్చినదానికి సరిపోలేదు. ఎన్నిసార్లు కూడినా వచ్చిన వైపే ఎక్కువ తేలుతోంది. ఆ ఎక్కువ నేను సంపాదించింది కాదు, అడిగిందీ కాదు.